పికప్ బండికి ఫిటింగ్ సీటు కవర్లు: డెల్టా తడికి తట్టుకునేలా వేసుకునే పద్ధతి

గోదావరి డెల్టాలో పికప్ సీటు అరిగి పాడవడం తక్కువ, నాని పాడవడం ఎక్కువ. భీమవరం వైపు రొయ్యల పట్టుబడికి వెళ్లిన బండిలో చెరువులోంచి వచ్చినవాళ్లు తడి లుంగీలతోనే ఎక్కి కూర్చుంటారు. కడియం నర్సరీ లోడుకు వెళ్తే బురద కాళ్లు, రావులపాలెం అరటి లోడుకు వెళ్తే గెలల జిగురు, అంబాజీపేట కొబ్బరి లోడుకు వెళ్తే పీచు. పైగా ముసురు పట్టిందంటే నాలుగు రోజులు క్యాబిన్ అద్దాలు దించే వీలుండదు. అందుకని ఇక్కడ కవరు రంగూ డిజైనూ తర్వాత చూసుకోవచ్చు. లోపలికి దిగిన తడి బయటికి పోయే దారి ఉందా, దారం కుళ్లకుండా ఉంటుందా, హుక్కులు ఉప్పు గాలికి నిలుస్తాయా అన్నవి ముందు తేల్చుకోవాలి.

ఇక్కడ చెప్పేది పాత సీటు గుడ్డ ఊడదీయకుండా దానిమీదే బిగుతుగా తొడిగే కవర్ల గురించి. షాపుల్లో బకెట్ ఫిట్ అని అడిగితే ఇచ్చేవి ఇవే. బొలెరో పికప్, యోధ, దోస్త్ లాంటి సింగిల్ క్యాబ్ బండ్లను, అంటే ఒకే వరస సీట్లున్న వాటిని దృష్టిలో పెట్టుకుని రాశాం. డబుల్ క్యాబ్‌కీ, ఇంజన్ సీటు కింద ఉండే చిన్న బండ్లకీ తేడాలు విడిగా ఉన్నాయి. కూర్చునే భాగాన్ని బాటమ్ అనీ, ఆనుకునే భాగాన్ని బ్యాక్ అనీ కుషన్ మేస్త్రీలు అంటారు, ఇక్కడా అవే మాటలు.

సరుకు ఎంచుకోవడం

ఫ్రీ సైజు కవరు దిండుకు గలీబు తొడిగినట్టే. రెండో రోజుకే జారి నడుం కింద మడత పడుతుంది. కారుకైతే సర్దుకోవచ్చు గానీ, రోజుకు ఇరవై ముప్పైసార్లు ఎక్కి దిగే లోడు బండికి అది పనికిరాదు. మీ బండి మోడల్‌కే కుట్టింది తీసుకోండి, లేదా మేస్త్రీ చేత కొలత తీయించి కుట్టించండి.

గుడ్డ విషయంలో పెద్ద చర్చ అక్కర్లేదు. తడి పనికి మంచి మందం ఉన్న పీవీసీ రెగ్జినే మేలు. పీయూ లెదర్ చేతికి మెత్తగా ఉంటుంది గానీ తేమకు రెండు మూడేళ్లలో పొరలు పొరలుగా రాలే రకాలు మార్కెట్లో చాలా ఉన్నాయి. గుడ్డ కవర్లు, టవల్ కవర్లు ఎండకాలం హాయిగానే ఉంటాయి, చేపల నీళ్లు ఒక్కసారి తగిలితే మాత్రం వాసన వదలదు. అయితే రెగ్జిన్ నీరు పీల్చదు కదా అని నిశ్చింతగా ఉండకూడదు. నీరు దిగేది రెగ్జిన్‌లోంచి కాదు, సూది చేసిన కన్నాల్లోంచి. కూర్చునే చోట నడిమధ్యలో డిజైను కోసం వజ్రాల గళ్లు కుట్టినవి చూడటానికి బాగుంటాయి. అక్కడ వందల కన్నాలు, వాటి కింద 5 మిల్లీమీటర్ల స్పాంజి, ఆ స్పాంజి నిండా నీళ్లు. రొయ్యల బండికి బాటమ్ నడిమధ్య కుట్టు లేకుండా సాదాగా ఉన్నది అడగండి. గళ్ల కుట్టు కావాలనుకుంటే బ్యాక్‌కి పెట్టించుకోండి.

దారం పాలిస్టర్‌దో నైలాన్‌దో ఉండాలి, నూలు దారం తేమకు కుళ్లుతుంది. జిప్పు నైలాన్ పళ్లది ఉండాలి. హుక్కులు ప్లాస్టిక్‌వి లేదా స్టెయిన్‌లెస్ స్టీలువి ఉండాలి. మామూలు ఇనుప హుక్కు నరసాపురం, అంతర్వేది లాంటి సముద్రపు గాలి తగిలే చోట త్వరగా తుప్పు పట్టి, ఆ తుప్పు మరక ఎలాస్టిక్‌ని కూడా తినేస్తుంది. వెల్క్రో ఎక్కువగా వాడిన కవరు కొబ్బరి బండికి వద్దు. పీచు, దుమ్ము ఇరుక్కుంటే దానికి పట్టు ఉండదు. ఎలాస్టిక్ పట్టీ కనీసం అంగుళం వెడల్పు ఉండాలి.

ఇంకో పరీక్ష కూడా ఉంది. తెల్ల గుడ్డ తడిపి రెగ్జిన్ మీద గట్టిగా పదిసార్లు రుద్దండి. రంగు అంటితే ఆ సరుకు వదిలేయండి. చౌకరకం ఎరుపు, నలుపు రెగ్జిన్లు చెమటకు రంగు వదిలి తెల్ల పంచెల మీద మరక దింపుతాయి. ఆసామి పెళ్లికి బయల్దేరినప్పుడే ఆ సంగతి బయటపడుతుంది.

కొలతలు, ఆర్డరు

మోడల్ పేరొక్కటే చెప్తే చాలదు. బండి ఏ సంవత్సరానిది, సింగిల్ క్యాబా డబుల్ క్యాబా, పక్క సీటు ఒకరికా ఇద్దరికా, హెడ్‌రెస్ట్ విడిగా ఊడుతుందా లేక బ్యాక్‌తో కలిసే ఉందా, బ్యాక్ వాల్చే లివర్ ఏ పక్క ఉంది, బెల్టు బకిల్ సీటుకు బిగించి ఉందా నేలకు బిగించి ఉందా, ఈ ఆరూ చెప్పాలి. వీటితోపాటు సీటుకు ముందు నుంచి, పక్కనుంచి, వెనకనుంచి తీసిన మూడు ఫోటోలు పంపితే తప్పు సరుకు వచ్చే అవకాశం బాగా తగ్గుతుంది.

మేస్త్రీ చేత కుట్టిస్తే రెండు సీట్లకు 54 అంగుళాల పన్నా రెగ్జిన్ సుమారు 4 మీటర్లు పడుతుంది. ఇద్దరు కూర్చునే పక్క సీటు అయితే ఇంకో మీటరు దాకా కలుపుకోండి. అతనికి నాలుగు మాటలు ముందే చెప్పండి. డ్రైవరు బాటమ్ కుడి అంచుకు రెండు వరసల కుట్టు, లోపల అదనపు రెగ్జిన్ ముక్క పడాలి. ఎక్కి దిగేటప్పుడు ఒరుసుకునేది అక్కడే కాబట్టి ముందు చిరిగేదీ అక్కడే. పైపింగ్, అంటే కుట్టు వెంట ఉబ్బెత్తుగా వచ్చే సన్నని పట్టీ, తొడ కింద ఒత్తుకునే చోట రాకూడదు, అంచుకు పోవాలి. బాటమ్ పక్క గోడల్లో కింది అంచుకు దగ్గరగా నాలుగు ఐలెట్లు, అంటే చుట్టూ వలయం బిగించిన చిన్న కన్నాలు కొట్టాలి, లోపలి తడి ఆవిరి పోయేది వాటిలోంచే. ఇక బ్యాక్‌కీ బాటమ్‌కీ మధ్య సందులోకి దూర్చే పట్టీ కనీసం జాన పొడుగు వదలాలి. ఈ చివరిది చాలామంది పట్టించుకోరు, కవరు ముందుకు జారిపోవడానికి అసలు కారణం ఆ పట్టీ పొట్టిగా ఉండటమే.

సీటు పక్క కుట్టు మీద ఎయిర్‌బ్యాగ్ అని రాసిన చిన్న ట్యాగు ఉందేమో చూడండి. హైలక్స్, వి-క్రాస్ లాంటి పెద్ద పికప్‌లలో కొన్ని వేరియంట్లకు ఉంటుంది. ఉంటే ఆ పక్క తెరుచుకునేలా, బలహీనమైన దారంతో ప్రత్యేకంగా కుట్టిన కవరు మాత్రమే వాడాలి. మామూలు మేస్త్రీ చేత ఆ సీటుకు కవరు కుట్టించొద్దు. గుద్దుకున్న క్షణంలో బ్యాగు బయటికి రావాల్సిన చోట రెగ్జిన్ అడ్డంగా ఉంటుంది.

ముందు పోగుచేసుకోవాల్సినవి

10 నుంచి 17 మిల్లీమీటర్ల దాకా సాకెట్లు, రాచెట్ పొడుగు రాడ్డుతో. స్టార్, ఫ్లాట్ స్క్రూడ్రైవర్లు. నోస్ ప్లయర్. దబ్బనం, నైలాన్ దారం. 20 సెంటీమీటర్ల కేబుల్ టైలు పాతిక. కత్తెర, కొత్త బ్లేడు, సుద్దముక్క, టార్చి. జుట్టు ఆరబెట్టే డ్రయ్యరు. సందులోకి పట్టీ దూర్చడానికి మొద్దు అంచున్న చెక్క గరిటె, ఎందుకంటే స్క్రూడ్రైవర్‌తో దూరిస్తే ఫోము చిరుగుతుంది. అరంగుళం పీవీసీ పైపు ముక్కలు, ఒక్కోటి అడుగు పొడుగు, సీటుకు ఒకటి. తుప్పు పట్టిన బోల్టులకు స్ప్రే నూనె. తుప్పు గీరడానికి ఎమెరీ కాగితం, గీరినచోట పూయడానికి చిన్న డబ్బా రెడ్ ఆక్సైడ్ ప్రైమరు.

చెయ్యి తిరగనివాళ్లకు రెండు సీట్లకు మూడు నాలుగు గంటలు పడుతుంది. సీటు శుభ్రం చేసి ఆరబెట్టే సమయం దీనికి అదనం. చాలామంది దసరా పూజకు బండి కొత్తగా కనిపించాలని అప్పుడే వేయిస్తారు. ఆ రోజుల్లో గాలి నిండా తేమ, వర్షాలు ఇంకా వెనక్కి వెళ్లవు. ఫోము పైకి పొడిగా అనిపించినా లోపల తడి మిగిలే ఉంటుంది. పని జరగాల్సింది సంక్రాంతి తర్వాత, ఫిబ్రవరి, మార్చి నెలల్లో.

పాత సీటును సిద్ధం చేయడం

కొత్త బండి అయితే ముందు కంపెనీ పాలిథిన్ పీకేయండి. ఏళ్ల తరబడి ఆ ప్లాస్టిక్ అలాగే ఉంచి, దానిమీదే కవరు వేయించేవాళ్లు తక్కువేం కాదు. కవరు కుట్లలోంచి దిగిన చెమట, నీరు ఆ ప్లాస్టిక్ మీద నిలబడిపోతాయి. పైన కవరు, కింద పాలిథిన్, మధ్యలో బూజు.

పాత సీటును గట్టి బ్రష్‌తో దులిపి, సందుల్లో చిక్కుకున్న వడ్ల పొట్టు, పీచు, ఇసుక తీసేయండి. వాక్యూమ్ ఉంటే మంచిదే. గింజల్లాంటివి ఒక్కటి మిగిలినా ఎలుక వెతుక్కుంటూ వస్తుంది, ఫోము కొరికేది అదే. చేపల వాసన ఉంటే పొడి సీటు మీద వంటసోడా చల్లి రాత్రంతా ఉంచి పొద్దున్నే దులపండి. ఉప్పునీళ్లు దిగిన సీటుకు సోడా చాలదు. ఉప్పు గాలిలో తేమను పీలుస్తుంది కాబట్టి ఎంత ఆరబెట్టినా మళ్లీ చెమ్మగిల్లుతుంది. మంచినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో నాలుగైదుసార్లు తుడిచి ఉప్పు లాగేయాలి, తర్వాత రెండు రోజులు మంచి ఎండలో పెట్టాలి. ఆరిందో లేదో తెలియాలంటే టిష్యూ కాగితం పరిచి మోకాలితో పది సెకన్లు ఒత్తండి. కాగితం చెమ్మగిల్లితే ఇంకో రోజు ఆగండి.

ఫోము కుంగిందేమో చూడండి. మన దగ్గర డ్రైవరు దిగేది కుడి తలుపులోంచి కాబట్టి బాటమ్ కుడి అంచు ముందు కుంగుతుంది. ఎంత మంచి కవరైనా కుంగిన ఫోము మీద ముడత పడుతుంది, ఆ తప్పు కవరు మీద వేస్తారు. చెయ్యి వేస్తే పల్లం తెలుస్తుంది. దాని చుట్టూ సుద్దతో గీసి, 32 లేదా 40 డెన్సిటీ ఫోము అంగుళం మందం ముక్క ఆ ఆకారానికి కోసి, అంచులు ఏటవాలుగా చెక్కండి. ఏటవాలు లేకపోతే కవరులోంచి ఆ ముక్క గీత కనిపిస్తుంది. అతికించేచోట పాత గుడ్డకీ, ముక్కకీ రెండింటికీ ఎస్ఆర్ (సింథటిక్ రబ్బరు) రకం జిగురు పలచగా పూసి, పది నిమిషాలు ఆగి, వేలికి అంటీ అంటనట్టు అయ్యాక అదమండి. తడిగా ఉండగానే అతికిస్తే జిగురు ఫోములోకి ఇంకి గట్టిపడి రాయిలా తగులుతుంది. తలుపులు తీసి ఉంచండి, దగ్గర్లో బీడీ వెలిగించనివ్వొద్దు.

సీటు విప్పాలా వద్దా

సింగిల్ క్యాబ్‌లో బ్యాక్‌కీ వెనక గోడకీ మధ్య చెయ్యి కూడా సరిగ్గా పట్టదు. విప్పకుండా చేస్తే గంట మిగులుతుందనుకుంటారు, ఆ గంట సందులో చెయ్యి దూర్చడానికే పోతుంది. పైగా సీటు విప్పితేనే కింద నేల రేకు తుప్పు కనిపిస్తుంది. కాబట్టి విప్పేయమనే చెప్తాం.

సీటు కింద పసుపు రంగు కనెక్టరు ఉంటే అది ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్‌ది. అలాంటి బండిలో ముందు ఇంజన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, కనీసం పది నిమిషాలు ఆగాక మాత్రమే కనెక్టరు ముట్టుకోండి. సీటు విప్పి ఉండగా తాళం తిప్పొద్దు, డాష్‌బోర్డు మీద లైటు వెలిగి అలాగే ఉండిపోతుంది. బెల్టు హెచ్చరిక వైరు మాత్రమే ఉంటే జాగ్రత్తగా క్లిప్పు నొక్కి తీస్తే చాలు.

సీటును పూర్తిగా వెనక్కి జరిపితే ముందు బోల్టులు రెండు, ముందుకు జరిపితే వెనక బోల్టులు రెండు కనిపిస్తాయి. తుప్పు పట్టిన బోల్టుకు నూనె కొట్టి పావుగంట ఆగండి. తొందరపడి రాడ్డు వేసి తిప్పితే తల తెగుతుంది, లేదా నేలలో అతికిన నట్టు ఊడి బోల్టుతోపాటే తిరుగుతుంది. అప్పుడిక వెల్డింగ్ షాపుకు వెళ్లాల్సిందే. ఏ బోల్టు ఏ మూలదో కాగితం మీద పెట్టుకోండి, కొన్ని బండ్లలో ముందువీ వెనకవీ పొడుగులు వేరు.

బయటికి తీశాక ఫ్రేము తుప్పు ఎమెరీతో గీరి, రెడ్ ఆక్సైడ్ ఒక పూత వేసి ఆరనివ్వండి. సీటు ముందుకూ వెనక్కూ జరిగే పట్టాలకు పాత గ్రీజు తుడిచి కొత్తది సన్నగా పూయండి, ఎక్కువైతే ఇసుక పట్టి సీటు జరగదు. వాల్చే లివర్ పిడి, పక్కనున్న ప్లాస్టిక్ తొడుగు ఇప్పుడే ఊడదీయండి. పిడి స్క్రూతో గానీ, వెనక దాగిన స్ప్రింగు క్లిప్పుతో గానీ ఉంటుంది. గుడ్డముక్క పిడి వెనక దూర్చి అటూ ఇటూ లాగితే క్లిప్పు బయటికి వస్తుంది. ఎగిరి పడుతుంది కాబట్టి చెయ్యి అడ్డం పెట్టండి.

కవరు తొడగడం

కవర్లను ముందు ఎండలో పరవండి. మార్గశిరం, పుష్యం చలి పొద్దుల్లో అరగంట కావాలి, రోహిణి కార్తెలో పది నిమిషాలు చాలు. వేడికి రెగ్జిన్ మెత్తబడి సాగుతుంది. అలాగని మండుటెండలో బాగా సాగిన రెగ్జిన్‌ని బలం కొద్దీ లాగి కట్టకూడదు. చల్లబడ్డాక అది కుంచించుకుంటే కుట్టు కన్నాలు పెద్దవై, అంచునుంచి చీలుతుంది.

హెడ్‌రెస్ట్‌కు రెండు రాడ్లు ఉంటాయి, ఒకదాని మొదట్లో బటన్. బటన్ నొక్కి పైకి లాగండి. రెండోవైపు కూడా నొక్కే చోటు ఉందేమో చూడండి. హెడ్‌రెస్ట్ కవరు తిప్పి పెట్టకుండా, పైపింగ్ అంచు మీద కూర్చునేలా తొడిగి జిప్పు వేస్తే దాని పని అయిపోయింది.

ఇక బ్యాక్. కవరును సగం లోపలికి తిప్పి, పై రెండు మూలలు ముందు సరిగ్గా కూర్చోబెట్టి, మేజోడు తొడిగినట్టు కిందికి దించుకుంటూ రండి. ప్రతి బెత్తెడు దిగాక ఆగి రెండు పక్కల కుట్లు సీటు అంచులతో కలిశాయో లేదో చూడండి. పైన అరంగుళం పక్కకు పోతే కిందికి వచ్చేసరికి అది రెండంగుళాలు అవుతుంది, అప్పుడు లాగి సరిచేయలేరు, మళ్లీ పైదాకా తీయాల్సిందే. అరచేత్తో మధ్యనుంచి అంచులకు తట్టి గాలి పంపండి.

ముందు పట్టీని బ్యాక్, బాటమ్ మధ్య సందులోంచి వెనక్కి దూర్చి, వెనక పట్టీతో కలపాలి. ఇక్కడే వరస ముఖ్యం. ముందు నడిమి హుక్కు, తర్వాత దానికి కుడి ఎడమలు, చివర మూలలు. ఒక్కొక్కటీ సగం బిగువుకే తగిలించి, అన్నీ తగిలాక రెండో విడత పూర్తిగా బిగించండి. లోడు మీద టార్పాలిన్ తాడు ఒకవైపు పూర్తిగా లాగి కడితే రెండోవైపు ఎలా ఎగురుతుందో ఇదీ అంతే.

బ్యాక్ నడుమ లోతైన గాడి ఉండి కవరు దానిమీద డోలు తోలులా నిలబడితే, గాడి వెంట కవరు లోపలి పట్టీకి నైలాన్ దారం కట్టి, దబ్బనంతో ఫోములోంచి వెనక్కి తీసి, వెనకనున్న తీగకు ముడివేయాలి. మూడు చోట్ల చాలు. ఎయిర్‌బ్యాగ్ ఉన్న సీటుకు పక్క దిమ్మల్లో దబ్బనం ఎక్కడా గుచ్చకూడదు.

హెడ్‌రెస్ట్ కన్నాలు కంటికి కనిపించవు. వేలితో ఒత్తుకుంటూ ప్లాస్టిక్ గొట్టం అంచు పట్టుకుని, సుద్దతో చుక్క పెట్టి, బ్లేడుతో చిన్న కూడిక గుర్తులా కోయండి. ఒక్కో గీత 8 మిల్లీమీటర్లు చాలు, రాడ్డు దూరుతూ తనకు కావాల్సినంత తెరుచుకుంటుంది. గుండ్రంగా కోసి తీసేస్తే కన్నం చుట్టూ చిరుగు మొదలవుతుంది. గొట్టం మూతికి ఉన్న ప్లాస్టిక్ బిళ్ల ఊడేదైతే ఊడదీసి, కవరు పైనుంచి మళ్లీ పెట్టండి, అంచులు దాని కింద దాగిపోతాయి. వేడి స్క్రూడ్రైవర్‌తో కన్నం కాల్చే అలవాటు కొందరికి ఉంది. కింద ఉన్నది ఫోము, అంటుకుందంటే ఆగదు.

బాటమ్‌కు ముందు మూలలు మొదలు. మూలలు కూర్చున్నాక కవరును వెనక్కి లాగుతూ, వెనక పట్టీని సందులోకి దూర్చండి. ఈ పట్టీ చివర మడిచి కుట్టిన గొట్టంలా ఉంటే అందులో పీవీసీ పైపు ముక్క దూర్చండి, లేకపోతే మేస్త్రీ చేత నాలుగు కుట్లు వేయించి గొట్టం చేయించండి. పైపు సందు దాటి అవతల అడ్డంగా నిలబడితే కవరు ఇక ముందుకు రాదు. హుక్కులన్నీ కలిసి చేయలేని పనిని ఈ పది రూపాయల పైపు చేస్తుంది. పైపు చివరలు ఎమెరీతో నున్నగా చేయడం మరవొద్దు, వాడి అంచు రెగ్జిన్‌ని కోస్తుంది.

ఆ తర్వాత సీటు తిరగేసి కింద పట్టీలు ముందునుంచి వెనక్కి, కుడినుంచి ఎడమకు, నులక మంచం బిగించినట్టు మధ్యనుంచి బయటికి కట్టుకుంటూ రండి. పట్టీ ఎప్పుడూ ఫ్రేము గొట్టానికో తీగకో తగలాలి. జరిగే పట్టాకు, లివర్ వైరుకు, స్ప్రింగుకు తగిలించకూడదు. హుక్కు అందనిచోట కేబుల్ టై వేయండి, దాని తోక మొదలంటా కోయండి, లేకపోతే తర్వాత కింద చెయ్యి పెట్టినవాళ్ల వేళ్లు కోసుకుంటాయి. సీటును మళ్లీ పెట్టేముందు చేత్తోనే పట్టాలు ఈ చివరనుంచి ఆ చివరకు జరిపి, బ్యాక్ పూర్తిగా వాల్చి లేపి చూడండి. ఎక్కడైనా పట్టీ నలిగితే ఇప్పుడే తెలుస్తుంది.

సీటును బండిలో పెట్టేటప్పుడు నాలుగు బోల్టులూ చేత్తో మూడు చుట్లు ఎక్కాకే రాచెట్ పట్టుకోండి. ఒకదాన్ని ముందే బిగిస్తే మిగతావి కన్నానికి అందవు. ఎదురెదురు మూలలు మార్చి మార్చి బిగించి, చివరి బిగువు బండి మాన్యువల్‌లో ఉన్నంత ఇవ్వండి.

బెల్టు బకిల్ కవరు పైన, చెయ్యి పెట్టగానే తగిలేలా ఉండాలి. బకిల్ కవరు కింద పాతుకుపోతే దాన్ని తవ్వి తీసే ఓపిక ఎవరికీ ఉండదు, బెల్టు పెట్టుకోవడమే మానేస్తారు. మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ కింద దానికి 1000 రూపాయల జరిమానా ఉంది. ప్రాణం సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇంజన్ సీటు కింద ఉన్న బండ్లు

టాటా ఏస్, మారుతి సూపర్ క్యారీ లాంటి వాటిలో సీటు ఎత్తితేనే ఇంజన్. వీటికి కింది పట్టీలు వేలాడకూడదు. వేలాడిన ఎలాస్టిక్ వేడికి కరిగి తెగుతుంది, దాని హుక్కు ఊడి ఇంజన్ బెల్టులో పడితే నడిరోడ్డు మీద బండి ఆగుతుంది. ఇక్కడ ఎలాస్టిక్ బదులు కవరు అంచు మడిచి, లోపల నైలాన్ తాడు దూర్చి, పైజమా బొందు బిగించినట్టు సీటు పలక చుట్టూ లాగి ముడివేయించడం మంచిది. ముడి ముందువైపు, పలక అంచులోపల దాగాలి. ఇంజన్ మూత కింద అంటించిన వేడి ఆపే షీటు మీద కవరు అంచు పడకూడదు. సీటు గొళ్లెం, సీటును ఎత్తి నిలబెట్టే కడ్డీ కవరు అడ్డం లేకుండా పనిచేయాలి. పని అయ్యాక సీటు మూడుసార్లు ఎత్తి దించి చూడండి. తర్వాత పది కిలోమీటర్లు నడిపి, వెంటనే ఎత్తి కింద ఎక్కడైనా కమిలిన వాసన ఉందేమో చూడండి. వీటి బాటమ్‌కు మందపాటి స్పాంజి వేసిన కవరు వద్దు, ఎత్తు పెరిగి గొళ్లెం పడదు.

డబుల్ క్యాబ్ వెనక సీటు

బొలెరో క్యాంపర్ లాంటి వాటి వెనక బెంచీ బాటమ్ చాలా బండ్లలో ముందు అంచు పైకి ఎత్తితే క్లిప్పుల్లోంచి ఊడి వస్తుంది. బెల్టు బకిల్స్ ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకుని, బాటమ్ తిరిగి పెట్టేటప్పుడు అన్నీ పైకి తీయండి. ఒకటి కింద ఉండిపోతే మళ్లీ విప్పాలి. కూలీలు ఎక్కే సీటు కాబట్టి దీనికి గళ్లు, స్పాంజి ఏమీ లేని సాదా రెగ్జిన్ పెట్టించండి.

తర్వాత వచ్చే తేడాలు

మొదటి రోజు కనిపించే చిన్న ముడతల్ని చూసి కంగారు పడొద్దు. డ్రయ్యరు ఒక జాన దూరంలో పట్టుకుని ఆడిస్తూ, ఇంకో చేత్తో రుద్దితే చాలావరకు పోతాయి. మిగిలినవి వారం రోజులు కూర్చుంటే సర్దుకుంటాయి. వారం తర్వాత కింద పట్టీలన్నీ ఇంకో విడత బిగించాలి, కొత్త ఎలాస్టిక్ తప్పకుండా కొంత సాగుతుంది. ఏటవాలుగా పోయే ముడత మాత్రం సాగుడు వల్ల వచ్చేది కాదు, మూల తప్పు కూర్చుందని అర్థం. దాన్ని లాగి సరిచేయకండి, ఆ పక్క హుక్కులన్నీ విప్పి మూలనుంచి మళ్లీ తొడగండి. బాటమ్ నడుమ అడ్డంగా వచ్చే ముడత అయితే వెనక పట్టీ వదులైంది, సందులో పైపు తిరిగి పక్కకు పడిందేమో చూడండి.

కూర్చున్నప్పుడు కిర్రుమంటే అది కవరు కాదు, హుక్కు ఫ్రేముకు ఒరుసుకుంటోంది. హుక్కు కింద పాత ట్యూబు ముక్క చుట్టండి. వాల్చే లివర్ బిగుసుకుపోతే పక్క ప్లాస్టిక్ తొడుగు కింద కవరు మడత ఇరుక్కుని ఉంటుంది.

పట్టుబడి రోజున కవరు మీద ఇంకో విడి రెగ్జిన్ పరదా వేసి, ఇంటికొచ్చాక దాన్ని మాత్రం కడుక్కోవడం అన్నిటికన్నా సులువు. ఉప్పునీళ్లు తగిలితే ఆ రాత్రే మంచినీళ్ల గుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఒత్తి, గేటు లోపలే బండి ఉంటే తలుపులు ఓరగా తీసి ఉంచండి. ఆరిపోయిన ఉప్పు కుట్లలో చేరి దారాన్ని కోస్తుంది. నీళ్లు మగ్గుతో పోసి కడగడం వద్దు. మరక పోవాలని కిరోసిన్, డీజిల్ గుడ్డతో తుడిస్తే ఆ రోజుకు మెరుస్తుంది. రెగ్జిన్‌లో మెత్తదనానికి కలిపిన నూనె పదార్థాన్ని అవి లాగేస్తాయి, ఏడాది తిరక్కముందే గట్టిపడి పగుళ్లు ఇస్తుంది. మెరుపుకు కొబ్బరినూనె కూడా రాయకండి, దుమ్ము అంటుకుని కంపు కొడుతుంది. చెంచాడు గిన్నెలు తోమే లిక్విడ్ బకెట్టు నీళ్లలో కలిపి, గుడ్డ ముంచి పిండి తుడిస్తే సరిపోతుంది. అరటి జిగురు పచ్చిగా ఉండగానే తుడిచేయాలి, ఎండి నల్లబడ్డ మరక రెగ్జిన్ మీదనుంచి పూర్తిగా పోదు.

వర్షాకాలం మొదలయ్యేముందు ఒకసారి, తుఫాన్ల రోజులు గడిచాక ఇంకోసారి బాటమ్ కవరు వెనక పట్టీ తీసి, కింద చెయ్యి దూర్చి చూడండి. చెయ్యి చెమ్మగా తగిలినా, మట్టి వాసన వచ్చినా ఆ ఒక్క కవరూ ఊడదీసి ఫోమును ఒక పూట ఎండబెట్టండి. ఐలెట్లు బురదతో పూడుకుపోయి ఉంటే అగ్గిపుల్లతో తీసేయండి.